రాకుండానే ఆగిన బస్సు

ఆ ఏడాది జిల్లాలో వానలు మొహం చాటేశాయి గానీ, పాస్ట్ పర్ఫెక్ట్ మాత్రం కుండపోతగా కురిసింది.

దానికి కారకులు జిల్లా అర్జీల ప్రత్యేకాధికారి చక్రపాణిగారు. ఆయన ఒక కొండ మీది ఊరికి, 'స్పష్టమైన పాలనకు స్పష్టమైన ఇంగ్లీషు' అనే ఐదు రోజుల శిక్షణకు వెళ్ళొచ్చారు. తోటి అధికారులందరూ అక్కణ్ణించి శాలువాలు, తేయాకు పొట్లాలు తెచ్చుకున్నారు. ఈయన ఒక్కరే 'హ్యాడ్' తెచ్చుకున్నారు.

ఇంగ్లీషులో జరిగిపోయిన సంగతులు రెండు చెప్పాల్సి వస్తే, వాటిలో ముందు జరిగినదానికి హ్యాడ్ తగిలిస్తారు. పాస్ట్ పర్ఫెక్ట్ అంటే అదే. 'హూ' అనో 'విచ్' అనో మొదలయ్యే ఉపవాక్యంలో దాన్ని పెడితే, వినేవాడికి ఏది ముందో ఏది వెనకో తెలిసిపోతుంది. మంచి ఏర్పాటే. కాకపోతే తెలుగువాడికి దాని అవసరం అంతగా కనపడదు. 'అమ్మ వండిన అన్నం తిన్నాను' అంటే, వీడు తిన్నాక అమ్మ వండిందేమోనని మన దేశంలో ఎవరూ అనుమానపడరు. అనుమానపడే కార్యాలయం ఒకటి ఉంటే బాగుంటుందని మాత్రం చక్రపాణిగారికి తోచింది.

వచ్చిన మర్నాడే సమావేశం పెట్టారు.

"మన జిల్లాలో పద్నాలుగు వేల అర్జీలు పెండింగులో ఉన్నాయి. కారణం ఏమిటి? సిబ్బంది కొరతా? కాదు. నిర్లక్ష్యమా? అసలే కాదు. ఏ సంఘటన పూర్వమో ఏ సంఘటన పరమో అర్జీదారుడు మనకు విస్పష్టంగా నివేదించకపోవడం!"

గదిలో ఉన్నవాళ్ళందరూ ఒక్కసారిగా తలలూపారు. పెండింగుకు తాము కాని కారణం ఒకటి దొరకాలని వాళ్ళు ఎన్నేళ్ళుగానో ఎదురుచూస్తున్నారు.

సాయంత్రానికల్లా సర్క్యులర్ వచ్చింది. 'ఇకమీదట ప్రతి అర్జీ ఇంగ్లీషునందే ఉండవలెను. అందు కనీసం ఒక సంబంధ ఉపవాక్యమును, ఆ ఉపవాక్యమందు పూర్వ సంఘటనకు హ్యాడ్‌ను విధిగా వాడవలెను. హ్యాడ్ లేని అర్జీ అర్జీగా పరిగణింపబడదు.' వారం తిరగకుండా ఆఫీసు గేటు బయట జిరాక్సు కొట్టువాడు ఖాళీలు వదిలిన ఫారాలు అచ్చేయించాడు. హ్యాడ్ మాత్రం ముందే అచ్చయి ఉండేది. జనం తమ కష్టాన్ని దానికి అటూ ఇటూ పూరించుకుంటే సరిపోయేది.

అర్జీల్లో హ్యాడ్ సరిగ్గా పడిందా లేదా అని చూడ్డానికి మనిషి కావాల్సి వచ్చింది. గుండ్లమెట్ట హైస్కూలు ఇంగ్లీషు మాస్టారు దానియేలుగారిని పిలిపించారు.

దానియేలు మాస్టారికి పాస్ట్ పర్ఫెక్ట్ అంటే ప్రాణం. ఇరవై రెండేళ్ళుగా ఏటా తొమ్మిదో తరగతికి ఆ పాఠం చెప్పే వారం మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని బడికి వెళ్ళేవారు. పిల్లలు హ్యాడ్ వేస్తే అన్నింట్లో వేసేవాళ్ళు, మానేస్తే మొత్తానికే మానేసేవాళ్ళు. అయినా ఆయన ఆశ చావలేదు. ఆయనకు ఉన్న మరో ఆశ హెడ్మాస్టరు కావడం. హెడ్మాస్టరైతే గెజిటెడ్ హోదా. గెజిటెడ్ అంటే ఆకుపచ్చ సిరాతో సంతకం. సీనియారిటీ జాబితాలో ఆయన పేరు నాలుగేళ్ళుగా పదకొండో స్థానంలో కదలకుండా కూర్చుంది. అయినా ఆకుపచ్చ సిరా పెన్ను ముందే కొని జేబులో పెట్టుకు తిరుగుతున్నారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని ఇంట్లో ఆవిడ దెప్పుతుండేది.

ఉత్తర్వు చూసి ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నారు. 'వ్యాకరణ పరిశీలనాధికారి' అని రాసి ఉంది. చివరికి ప్రభుత్వానికి కూడా వ్యాకరణం కావాల్సి వచ్చిందన్నమాట అనుకుని నిజంగానే పొంగిపోయారు.

పాత బ్యాలెట్ పెట్టెలు పెట్టిన గదిలో ఆయనకొక బల్ల వేశారు. సూపరింటెండెంట్ పద్మనాభం వచ్చి రెండు రబ్బరు ముద్రలు చేతిలో పెట్టాడు. ముప్పై మూడేళ్ళ సర్వీసులో ఒక్క ఫైలునూ తన బల్లమీద మూడు రోజులు మించి ఉంచలేదని, పక్క బల్లమీదికి తోసేశాడని అతనికి పేరు.

"ముందు జరిగినదాని మీద 'పూర్వము' ముద్ర, తర్వాతదాని మీద 'పరము' ముద్ర కొట్టండి మాస్టారూ. తారుమారైతే నన్నడక్కండి, వెనక్కి పంపేయండి."

మొదటి సోమవారమే ఒక గొర్రెల కాపరి వచ్చాడు.

"నా జీవాలు చచ్చినయ్ సారూ, ఏదో రోగమొచ్చి."

"రోగం ముందా, చావడం ముందా?" సర్క్యులర్ ప్రకారం అడిగారు మాస్టారు.

"రోగమే గదా సారూ ముందు!"

"మరి హ్యాడ్ ఏదయ్యా?"

"అది గూడా చచ్చినట్టుంది సారూ" అన్నాడతను దిగులుగా.

మాస్టారు తనే రాసిచ్చారు. ఆ రోజు నూట పన్నెండు అర్జీలు రాసిచ్చి, ఇంటికి పోయి అన్నం తినకుండా పడుకున్నారు. కానీ తృప్తిగానే పడుకున్నారు.

నవంబరులో రాళ్ళగుంటపాలెం నుంచి మస్తానమ్మ వచ్చింది. మిరపకోతల కూలీ. ఆవిడ కూతురు మల్లి గుండ్లమెట్ట హైస్కూల్లో పది చదువుతోంది. మాస్టారి శిష్యురాలే. రాళ్ళగుంటపాలేనికి పంతొమ్మిదేళ్ళుగా పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి బస్సు వచ్చేది. జూన్‌లో డిపోవాళ్ళు ఆపేశారు. అప్పట్నించీ పదకొండు మంది ఆడపిల్లలు చిల్లచెట్ల మధ్యగా ఏడు కిలోమీటర్లు నడిచి బడికొస్తున్నారు. వస్తున్నారు అనడం కూడా తప్పే, నలుగురు అప్పటికే మానేశారు.

"వాళ్ళ నాయిన ఒకటే మాటన్నాడు సారూ. సంకటి తిని పొద్దుగాల్నే పోయిన పిల్ల చీకటిపడినాక ఇంటికొస్తే ఊరుకోనన్నాడు. కొత్త సంవత్సరానికి బస్సు రాకపోతే మానిపిస్తాడంట. అది రాత్రి చింతచెట్టు కింద లైటుకాడ కూచోని చదువుద్ది సారూ. మానిపిస్తే బతకదు."

మాస్టారికి మల్లి తెలుసు. ఆరు కాగితాల పరీక్షలో హ్యాడ్ ఎక్కడ వెయ్యాలో అక్కడే వేసి, ఎక్కడ వద్దో అక్కడ మానేసిన పిల్ల ఇరవై రెండేళ్ళలో ఆమె ఒక్కతే. ఆయన కాగితం తీసి తన చక్కటి గుండ్రటి దస్తూరీతో రాశారు: 'ది బస్ విచ్ హ్యాడ్ కమ్ టు అవర్ విలేజ్ ఫర్ నైన్టీన్ ఇయర్స్ వాజ్ స్టాప్డ్ ఇన్ జూన్.' పంతొమ్మిదేళ్ళు వచ్చిన బస్సు జూన్‌లో ఆగింది. రెండుసార్లు చదువుకున్నారు. ఎక్కడా వంక లేదు. రావడం మీద 'పూర్వము' కొట్టారు, ఆగడం మీద 'పరము' కొట్టారు.

"పదిహేను రోజుల్లో బస్సు వస్తుంది, పోయిరా మస్తానమ్మా" అన్నారు. పాపం, ఆయన ఇంగ్లీషును నమ్మారు.

చక్రపాణిగారు ఆ వాక్యం చూసి కుర్చీలోంచి లేచారు. "అద్భుతం! నమూనాగా గోడకు తగిలించండి" అన్నారు. మళ్ళీ కూర్చుని ఆలోచించారు. అధికారులు ఆలోచించడం మొదలుపెట్టాక ఏ మంచీ నిలవదు.

"మాస్టారూ, బస్సు రావడం పూర్వ సంఘటన అన్నారు. బాగుంది. అది జరిగిందనడానికి ఆధారం?"

"అదేమిటండీ, వచ్చింది గనకే కదా ఆగింది?"

"అది మీ తర్కం. హ్యాడ్ అనేది ఒక దావా. దావాకు ధ్రువీకరణ ఉండాలి. ఇకపై ప్రతి హ్యాడ్‌కూ పూర్వ సంఘటన ధ్రువపత్రం జతపరచవలసిందిగా ఆదేశిస్తున్నాను."

అలా రెండో సర్క్యులర్ పుట్టింది. గొర్రెలు చచ్చినవాడు అవి అంతకుముందు బతికుండేవని ధ్రువపత్రం తేవాలి. ఇల్లు కాలినవాడు కాలకముందు అది ఇల్లేనని తేవాలి. పద్మనాభం తల్లికి ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టుకుంటే, ఆమె అంతకుముందు ఆరోగ్యంగా ఉన్నట్టు డాక్టరు సంతకం కావాలన్నారు. ఆరోగ్యంగా ఉన్నన్నాళ్ళూ ఆవిడ డాక్టరు దగ్గరికి పోలేదు. సెలవు తిరస్కరించారు.

బస్సు సంగతి డిపోకు రాశారు. డిపో మేనేజరు గౌస్ చాలా మర్యాదగా జవాబిచ్చాడు. బస్సును ఆపిన ఉత్తర్వు జూన్ నెల ఫైల్లో భద్రంగా ఉంది. బస్సును మొదలుపెట్టిన ఉత్తర్వు మాత్రం పంతొమ్మిదేళ్ళ కిందటిది, దాన్ని చెదలు తినేశాయి. చక్రపాణిగారు ఫైలు మీద నిండు గాంభీర్యంతో రాశారు: 'ఆగుట రుజువైనది. వచ్చుట రుజువు కాలేదు. సదరు బస్సు రాకుండగనే ఆగినట్లు భావించవలసి యున్నది.'

అటువంటి బస్సును తిరిగి మొదలుపెట్టడం ఎలా? రానిదాన్ని మళ్ళీ రప్పించే అధికారం ఎవరికీ లేదు.

పంచనామా రాయమని ఊరికి వీఆర్వోను పంపారు. అతను రచ్చబండ దగ్గర కుర్చీ వేయించుకుని మస్తానమ్మను పిలిచాడు.

"ఈ ఊరికి బస్సు ఆగకముందు వచ్చేదా?"

"రాకుండా ఎట్టా ఆగుద్దయ్యా?"

"ఎదురుప్రశ్న వెయ్యకూడదు. వచ్చేదా, లేదా?"

"నా పెళ్ళయి నేనీ ఊరొచ్చింది ఆ బస్సులోనే. నేను వచ్చానా, రాలేదా? నువ్వే సూసి రాసుకో."

వీఆర్వో ఆవిణ్ణి ఎగాదిగా చూసి, 'అర్జీదారు గ్రామమునందు ఉన్నది. ఎట్లు వచ్చినదీ తెలియరాలేదు' అని రాసుకుపోయాడు.

ఇది చదివిన రోజు మాస్టారికి మొదటిసారి కోపం వచ్చింది. అక్కడా ఇక్కడా కాదు, అరికాలి నుంచి వచ్చింది. తాను ఇస్త్రీ చొక్కా వేసుకుని చెప్పిన పాఠం ఇలా పిల్లల కాళ్ళకు అడ్డం పడుతుందని ఆయన కలలో కూడా అనుకోలేదు. ఫైలు పట్టుకుని పద్మనాభం దగ్గరికి వెళ్ళారు.

"ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే ఆఫీసులు చూశాను గానీ, దూడ ఎదురుగా ఉంటే ఆవు ఏదని అడిగే ఆఫీసు ఇక్కడే చూస్తున్నాను సార్. ఆ పిల్ల చదువు పోతుంది."

పద్మనాభం సెలవు దొరక్క మండిపోయి ఉన్నాడు. ముక్కుపొడుం పీల్చి, ఫైలు తెరిచి, తన ముప్పై మూడేళ్ళ అనుభవాన్నీ ఒక్క వాక్యంలో పెట్టాడు. 'పూర్వ సంఘటన లభ్యము కానిచో, దానిని జరిపించుటకు నిబంధనలలో అభ్యంతరము లేదు.'

చక్రపాణిగారు ఆ వాక్యం కింద మూడు గీతలు గీశారు. జనవరి మొదటి వారంలో ఉత్తర్వు వెలువడింది. బస్సు వచ్చుట అనే పూర్వ సంఘటనను పూర్తిచేయు నిమిత్తం డిపో వారు రాళ్ళగుంటపాలేనికి రోజూ రెండు పూటలా బస్సు నడపవలెను. వచ్చుటను ఒక గెజిటెడ్ అధికారి స్వయంగా ఆ బస్సునందే ప్రయాణించి, కళ్ళారా చూసి ధ్రువీకరించవలెను. ధ్రువీకరణ అందిన తక్షణం జూన్ నెల ఆపుదల ఉత్తర్వు సక్రమమై అమలులోకి వచ్చును. అటుపిమ్మట ఆ ఆపుదలపై అర్జీని సావకాశంగా పరిశీలించెదరు.

అంటే, వచ్చినట్టు సంతకం పడిన రోజునే బస్సు ఆగిపోతుంది. సంతకం పడనంత కాలం బస్సు వస్తూనే ఉంటుంది.

బస్సు వచ్చింది. ముందు అద్దం మీద 'విచారణ నిమిత్తం' అని బోర్డు పెట్టుకుని వచ్చింది. ఊళ్ళో వాళ్ళు అదేదో కొత్త ఊరి పేరనుకుని, "ఇచారణకు రెండు టికెట్లు" అని అడిగారు. మల్లి ఎక్కింది. మానేసిన నలుగురిలో ముగ్గురు మళ్ళీ ఎక్కారు. నాలుగో పిల్ల అప్పటికే మిరపకోతలకు దూరపు ఊళ్ళకు వెళ్ళిపోయింది. ఆమె మాట వచ్చినప్పుడల్లా మాస్టారు తల దించుకునేవారు.

ఇక సంతకం. జిల్లాలో గెజిటెడ్ అధికారులకు కొదవ లేదు. కానీ గెజిటెడ్ అధికారి జీపెక్కుతాడు, కారెక్కుతాడు. బస్సెక్కడు. అందునా గడ్డిమోపులు, కోళ్ళగంపలు, చింతపండు బుట్టలు ఎక్కే పొద్దున్న ఆరున్నర బస్సు. వ్యవసాయాధికారిని అడిగితే నడుంనొప్పి అన్నారు. పశువైద్యాధికారిని అడిగితే, "ఆ బస్సులో నాకు తెలిసిన పేషెంట్లు ఎక్కుతారు, బాగుండదు" అన్నారు. ఒకాయన జీపులో బస్సు వెనకాలే వెళ్ళి చూసొస్తానన్నారు. చక్రపాణిగారు ఒప్పుకోలేదు. "వెనకనుంచి చూస్తే పోవుట కనబడును గానీ వచ్చుట కనబడదు" అన్నారు. మాట నిజమే.

అలా జనవరి గడిచింది, ఫిబ్రవరి గడిచింది. జనాన్ని చెప్పులరిగేలా తిప్పే ఆ ఆలస్యమే మొదటిసారి జనానికి పనికొచ్చింది. మల్లి వాళ్ళ నాయిన బడి మానిపించే ఊసెత్తడం వదిలేశాడు.

మార్చి మొదట్లో సీనియారిటీ జాబితా కదిలింది. దానియేలు మాస్టారికి పదోన్నతి వచ్చింది. గుండ్లమెట్ట హైస్కూలుకే హెడ్మాస్టరు, గెజిటెడ్. ఇంట్లో ఆవిడ పాయసం చేసింది. మాస్టారు ఆకుపచ్చ పెన్ను మూత తీసి, పేపరు అంచున ఒక చిన్న గీత గీసి చూసుకున్నారు. ఇన్నేళ్ళ సిరా గడ్డకట్టలేదు.

మర్నాడే చక్రపాణిగారి నుంచి కబురు.

"అభినందనలు హెడ్మాస్టరుగారూ. తమరు వ్యాకరణవేత్తలు, పైగా ఇప్పుడు గెజిటెడ్. బస్సు కూడా తమ బడికే వస్తోంది. తమ తొలి ఆకుపచ్చ సంతకంతో ఆ పూర్వ సంఘటనను ధ్రువీకరించండి. డిపో మేనేజరు వారంవారం నా ప్రాణం తీస్తున్నాడు."

"పరీక్షలు పద్దెనిమిదిన మొదలవుతున్నాయండీ" అన్నారు మాస్టారు.

"పరీక్షలు పర సంఘటన. ముందు పూర్వం కానివ్వండి."

ఆ సాయంత్రం మస్తానమ్మ బడి దగ్గరికి వచ్చింది. సంగతి ఆవిడకి ముందే తెలిసిపోయింది. బస్సు కండక్టరు దగ్గర దాగేవి ఉండవు.

"మీరు సంతకం పెడితే బస్సు ఆగుద్దంట గదా సారూ?"

"ఆగుతుంది."

"మరి పెట్టమాకండి."

"వచ్చిన బస్సు రాలేదని ఎట్లా రాయను మస్తానమ్మా? అబద్ధం కదా?"

ఆవిడ కొంగుతో మెడ తుడుచుకుంది. "పంతొమ్మిదేళ్ళు వచ్చింది రాలేదని వాళ్ళు రాసుకున్నారు. వాళ్ళ కళ్ళేం పోలేదు గదయ్యా? మీరు పదిరోజులు రాయండి. మీవీ పోవు."

ఆ రాత్రి మాస్టారు ఫైలు ముందు పెట్టుకుని కూర్చున్నారు. ముందు జరిగినది ముందు, తర్వాతది తర్వాత, జరిగినది జరిగినట్టు చెప్పమనేదే ఆయన బతుకంతా నేర్పిన పాఠం. ఆకుపచ్చ సిరా కోసం అన్నేళ్ళు ఆగి, మొదటి సంతకమే అబద్ధానికి పెట్టాలంటే ప్రాణం ఉసూరుమంది. కానీ మల్లి జవాబు పత్రం కళ్ళముందు మెదిలింది. ఆ పిల్ల ఏడు కిలోమీటర్లు నడిచి పరీక్ష హాలుకు రావడం తలుచుకుంటే ఇంకో ప్రాణం ఉసూరుమంది. రెండింట్లో ఏది ఎక్కువ నొప్పి పెట్టిందో తెల్లారేసరికి ఆయనకు తెలిసిపోయింది.

తెల్లారి ఆయన పాస్ట్ పర్ఫెక్ట్ వారం చొక్కా వేసుకుని, పద్ధతి ప్రకారం ఆ బస్సే ఎక్కారు. గుండ్లమెట్ట నుంచి రాళ్ళగుంటపాలెం దాకా కిటికీ పక్క సీట్లో కూర్చుని వెళ్ళి, పిల్లలతో కలిసి తిరిగొచ్చారు. వచ్చి, బల్లముందు కూర్చుని, ఆకుపచ్చ సిరాతో రాశారు: 'బస్సునందు ప్రయాణించితిని. రాళ్ళగుంటపాలేనికి బస్సు వచ్చినట్లు నా దృష్టికి రాలేదు. విచారణ కొనసాగించవలసి యున్నది.' కింద సంతకం పెట్టారు. ఒక్క అక్షరం చెడలేదు.

చక్రపాణిగారు దాన్ని చదివి ఎంతో మెచ్చుకున్నారట. తొందరపడని గెజిటెడ్ అధికారిని చూసి చాలాకాలమైందన్నారట. బస్సులో కూర్చున్నవాడికి బస్సు రావడం కనపడకపోవడం ఆయనకు ఏ కోశానా వింతగా తోచలేదు. ఆయన కొలువులో అది రివాజే.

పద్దెనిమిదో తారీఖు పొద్దున్న పరీక్షల మొదటి రోజు. బస్సు రాళ్ళగుంటపాలెంలో పిల్లల్ని ఎక్కించుకుని బయల్దేరింది. వీపుమీద సంచి, చేతిలో అట్ట, నోట్లో గొణుగుడు, ఒక్కో పిల్లకి ఒక్కో ఆదుర్దా. మల్లి, విచారణ పేరుతో ఆ పూట కూడా అదే బస్సెక్కిన మాస్టారి పక్క సీట్లో కూర్చుని పుస్తకం తిరగేస్తోంది. వెనక సీటులో కోళ్ళగంప. మాస్టారి జేబులో ఫోన్ మోగింది.

"హెడ్మాస్టరుగారూ, చక్రపాణిని. ఈ వారం నివేదిక అందలేదు. బస్సు విషయం ఏమైనా తేలిందా?"

డ్రైవరు మలుపులో హారను గట్టిగా కొట్టాడు. కోళ్ళు గోల పెట్టాయి. కండక్టరు "హైస్కూలు, హైస్కూలు, దిగేవాళ్ళు ముందుకు రండమ్మా" అని అరిచాడు.

"ఏమిటా చప్పుడు? ఎక్కడున్నారు తమరు?"

మల్లి పుస్తకం మూసి ఆయన వంక చూసింది. ఇరవై రెండేళ్ళు జరిగినది జరిగినట్టే చెప్పిన మాస్టారు, ఒక చేత్తో ఆ పిల్ల అట్ట కింద పడకుండా పట్టుకుని, రెండో చేత్తో ఫోన్ పట్టుకుని, తడుముకోకుండా జవాబు చెప్పారు.

"స్టాపులోనే ఉన్నానండీ. పొద్దుట్నించీ కాసుకుని కూర్చున్నాను. ఇంకా రాలేదు."